మొదటి స్టంట్ విమానం: మెరిసేది కాదు, విరిగితే అతుక్కునేది కొనండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను శ్రీకాకుళం గుజరాతీపేటలో ముప్పై నాలుగేళ్లుగా రేడియోలు, టీవీలు బాగుచేసుకుని బతుకుతున్నవాణ్ణి. ఇప్పుడు రేడియో పట్టుకొచ్చేవాళ్లు లేరు. మిక్సీలు, ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ టీవీలు వస్తాయి. నాలుగైదేళ్లుగా వాటి పక్కన రిమోట్ విమానాలు కూడా నా బల్ల మీదికి చేరుతున్నాయి. విమానం వచ్చింది అనడం కంటే సంచి వచ్చింది అనడం నయం. ముక్కలన్నీ ఏరి బియ్యం సంచిలో వేసి తెస్తారు.

ఆమధ్య మీ ఆదివారం పేజీల్లో, వేసవి సెలవుల సరదాల కింద, ఈ రిమోట్ విమానాల మీద వ్యాసం వేశారు. బాగానే రాశారు. కానీ పక్కనున్న ఫొటోలో విమానం ముక్కు ఆకాశానికి, తోక నేలకి పెట్టి ప్రొపెల్లర్ మీద వేలాడుతూ ఉంది. కింద ఒక్క వాక్యం: పల్టీలు నేర్చుకోవాలనుకునే కొత్తవారికీ అనువైనదట. ఆ వాక్యం పుణ్యమా అని పది రోజుల్లో నా కొట్టుకి మూడు సంచులు వచ్చాయి. నీకు గిరాకీయే కదా, ఊరుకో అన్నారు మావాళ్లు. మూడో సంచి తెచ్చిన కుర్రాడి మొహం చూశాక ఊరుకోలేకపోయాను.

వాడు మా వీధి చివర టైలరు గారి అబ్బాయి. ఇంటర్ రెండో సంవత్సరం. 2024లో మన ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు కేంద్రంలో పౌర విమానయాన మంత్రి అయినప్పటి నుంచి ఈ వీధిలో సగం మంది పిల్లలు పైలెట్లే అవుతామంటున్నారు. వీడు అందరికంటే ముందున్నాడు. వాళ్ల నాన్న సంక్రాంతి కుట్టుపని డబ్బులోంచి పదకొండు వేలు తీసి, మీరు ఫొటోలో వేసినలాంటిదే ఆన్‌లైన్లో తెప్పించాడు. పొందూరు దారిలో మినుము పీకేసిన చేలో ఎగరేశారు. తండ్రి సెల్‌ఫోన్లో వీడియో తీశాడు. ఆ వీడియో మొత్తం పదకొండు సెకన్లు. అందులో విమానం గాల్లో ఉన్నది నాలుగు. చేతిలోంచి వదలగానే ముక్కు నిట్టనిలువుగా లేచింది. ఎడమ రెక్క మీదికి ఒరిగింది. వీడు కంగారుపడి లివరు వెనక్కి లాగాడు. అప్పటికే అది తలకిందులై ఉంది. లాగితే పైకి వస్తుందనుకున్నది నేలలోకి పోయింది. చివర్లో పక్క చేను రైతు గొంతు వినిపిస్తుంది: "ఏటి బాబూ, గద్దా? నా సేలో పడిపోనాది సూడండి!"

తండ్రీకొడుకులిద్దరూ నా కొట్టులో నిలబడి ఆ వీడియోని నాలుగుసార్లు చూపించారు. ఎక్కడ తప్పు చేశామో చెప్పమన్నారు. కొనడంలోనే చేశారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అది మీకు రాస్తున్నాను.

ఫొటోలోని రకాన్ని త్రీడీ విమానం అంటారు. రెక్కల వెనక, తోక దగ్గర కదిలే పలకలు అరచేయంత వెడల్పుంటాయి. మోటారు లాగుడు విమానం బరువుకి ఒకటిన్నర రెట్లు. అందుకే అది గాల్లో నిలబడి వేలాడగలదు. లివరు బియ్యపుగింజంత కదిపినా దానికి పెద్ద ఆజ్ఞే. రెండు మూడేళ్లు చెయ్యి తిరిగినవాడికి అది బంగారం. కొత్తవాడి చేతిలో పెడితే సైకిలు రానివాడికి రేసు మోటారు సైకిలు ఇచ్చినట్టే.

ట్రైనర్, అంటే నేర్చుకునేవాళ్ల విమానం, దాని సంగతి వేరు. దాని రెక్క ఒంటి పైన ఉంటుంది, రెండు కొసలూ కాస్త పైకి లేచి ఉంటాయి, రెక్క అడుగు చదునుగా ఉంటుంది. ఒరిగితే తనంతట తానే సర్దుకుంటుంది. నడిపేవాడు చేతులు తీసేస్తే వాడికంటే బాగా ఎగురుతుంది. స్టంట్ విమానానికి ఆ గుణం ఉండకూడదు. దాని రెక్క పైనా కిందా ఒకే ఒంపు, కొసలు తిన్నగా. ఒరగబెడితే ఒరిగే ఉంటుంది. తలకిందులు చేస్తే అలాగే పోతుంది. ఎక్కడ పెట్టారో అక్కడే ఉండటమే దాని మంచితనం. ఏం చెయ్యాలో తోచనివాడికి దాని గండమూ అదే.

కాబట్టి మొట్టమొదటి విమానం స్టంట్ విమానం కాకూడదు. ఇది కొత్త మాటేం కాదు. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో కేడెట్లు కూడా పిలాటస్ పీసీ-7 అనే శిక్షణ విమానంతోనే మొదలుపెడతారు, వెనక సీట్లో గురువు ఉండగా. వైమానిక దళంలో విన్యాసాలు చేసే సూర్యకిరణ్ జట్టు నడిపే హాక్ జెట్ దగ్గరికి రావడానికి ఏళ్లు పడుతుంది.

ట్రైనర్ మీద ఎన్నాళ్లు? మా కుర్రాళ్లు ఎన్ని ఫ్లైట్లు అని లెక్కపెడతారు. నా లెక్క అది కాదు. రెండే చూస్తాను. ఒకటి, విమానం మన మీదికి వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అలా ఎదురొచ్చేలా ఎనిమిది అంకెను పది సార్లు తడబడకుండా తిప్పాలి. తడబాటు వస్తే ఒక కిటుకుంది. ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే లివరు తోయాలి, దానికి ఆసరా పెడుతున్నట్టు. రెండోది, మోటారు ఆపేసి, ముందే చెప్పిన చోట దించాలి. ఇసుకలో నా చెప్పులు పెడతాను. వాటికి పది అడుగుల లోపు దించమంటాను. ఈ రెండూ వచ్చినవాడు రేపు పల్టీ కొట్టినా నాకు భయం లేదు.

ఇదంతా చెప్పే నాకు ఇది ఎవరూ చెప్పలేదు. ఎగరేసి నేర్చుకున్నాను.

1983లో విశాఖలో చదువుకుంటూ ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నాను. అక్కడ ఏరోమోడలింగ్ నేర్పేవారు. అప్పుడు మాకు రిమోట్లు లేవు. విమానానికి పదిహేను మీటర్ల సన్న తీగలు రెండు కట్టి, పిడి చేత్తో పట్టుకుని, మధ్యలో నిలబడి గుండ్రంగా తిరుగుతూ ఎగరేసేవాళ్లం. ఇంధనం మిథనాల్‌లో ఆముదం కలిపినది. కాలిన ఆముదం మొహం మీద, చొక్కా మీద జల్లులా పడేది. సెలవులకి ఇంటికొస్తే మా అమ్మ చొక్కా వాసన చూసి, అక్కడెవరికైనా ఒంట్లో బాగోలేదా, ఆముదం పట్టిస్తున్నావా అని అడిగింది. ఆ తీగల విమానంతో లూపులు, అంటే నిలువు గుండ్రాలు, కొట్టాను, తలకిందులుగా తిప్పాను. అందుకే స్టంట్లు నాకు వచ్చనుకున్నాను.

2011లో మా బావమరిది దుబాయ్ నుంచి వస్తూ రిమోట్ స్టంట్ విమానం తెచ్చాడు. బాల్సా అనే తేలిక కర్ర, పైన ఎరుపు పసుపు ఫిల్మ్. కళ్లు తిప్పుకోలేకపోయాను. ఖర్చు నాదే, ఇరవై రెండు వేలు. అప్పట్లో అది నాకు రెండు నెలల సంపాదన. పెట్టెలో చెప్పిన బ్యాటరీ దొరక్క దానికంటే పెద్దది కొన్నాను. ముక్కు దగ్గర పట్టలేదు. కాస్త వెనక్కి తోసి, స్పాంజి పెట్టి బిగించాను. నా చేతులతో నేనే చేసిన పని అది, ఇంకొకరిని అనడానికి లేదు.

నాగావళిలో పాత వంతెనకు ఎగువన ఇసుక మేట మీద ఎగరేశాను. లేచింది. కానీ ముట్టుకుంటే చాలు ఎగిరెగిరి పడుతోంది, తాడు తెంచుకున్న కోడెదూడలా. తోక బరువైన విమానం అంతే. ముక్కు బరువైతే బద్ధకంగా ఎగురుతుంది, అయినా ఇంటికి వస్తుంది. తోక బరువైతే ఒక్కసారే ఎగురుతుంది. రెండో మలుపులో నా వైపు తిరిగింది. తీగల విమానం ఎప్పుడూ నా మీదికి రాలేదు. కుడి ఏదో ఎడమ ఏదో తెలియలేదు. బాల్సా ఇసుకని తాకితే అప్పడం విరిగిన చప్పుడొస్తుంది. ఆ చప్పుడు నాకు ఇంకా గుర్తే. ఇంటికి వస్తే మా ఆవిడ ఒకటే అంది: "ఇరవై రెండు వేలు నాగావళిలో కలిపేసినారు గదా."

డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఆ తర్వాత మూడేళ్లు రిమోట్ ముట్టుకోలేదు. ఖరీదైన విమానం ఎక్కువమందికి నేర్పేది ఇదే. కొన్నాక గాలి లేని రోజు కోసం కాచుకుంటారు. ఎత్తుగా, నెమ్మదిగా, గుండ్రంగా తిప్పి దించేస్తారు. పల్టీ కొట్టే ధైర్యం రాదు. స్టంట్ విమానం కొనుక్కుని స్టంట్ చెయ్యనివాళ్లు నాకు ఇక్కడా విజయనగరంలోనూ కలిపి అరడజను మంది తెలుసు. వాళ్ల విమానాలు బీరువాల మీద కొత్తగా ఉన్నాయి.

2014లో ఎన్నికలు అయిపోయాక నా దారి మారింది. వీధుల్లో స్తంభాలకు కట్టిన ప్లాస్టిక్ అట్టలు, లోపల సన్న గొట్టాల్లా ఉండేవి, గాలికి ఊడి కాలవల్లో పడుతుంటే నాలుగు తెచ్చాను. కరెంటు వైరింగుకి వాడే ప్లాస్టిక్ పట్టీ ఒంటికి, ఆ అట్ట తోకకి. పాత ఫ్రిజ్ పెట్టెలో వచ్చిన థర్మాకోల్‌ని వేడి తీగతో కోసి రెక్క చేసి, పైన ప్యాకింగ్ టేపు చుట్టాను. తోక మీద ఒక నాయకుడి సగం మొహం వచ్చింది. ఊళ్లో గొడవెందుకని తెల్ల వైపు బయటికి తిప్పాను. ఏ పార్టీ అని మీరూ అడగకండి.

ఆ ఆకారం నా సొంతం కాదు. అమెరికాలో రిమోట్లు తయారుచేసే ఫిల్ క్రాఫ్ట్ అనే ఆయన 1960లలో గీసినది. పేరు అగ్లీ స్టిక్. అనాకారి కర్ర అన్నమాట. పెట్టెలాంటి ఒళ్లు, చివరిదాకా ఒకే వెడల్పున్న పలక రెక్క. అరవై ఏళ్లు దగ్గర పడుతున్నా లోకమంతా ఇప్పటికీ దాన్ని చేసుకుంటున్నారంటే కారణం అందం కాదు. సులువుగా తయారవుతుంది, నెమ్మదిగా ఎగురుతుంది, పల్టీలన్నీ కొడుతుంది. ట్రైనర్ దాటినవాడికి మొదటి స్టంట్ విమానం ఏది అని అడిగితే నేను ఈ పేరే చెబుతాను. కొనుక్కునేవాళ్లకి ఇదే పద్ధతిలో ఫోముతో చేసినవి దొరుకుతాయి. నడిమి రెక్క ఉన్న ఫోము స్టంట్ విమానాల్లో నెమ్మదైనవి కూడా ఉన్నాయి, అవీ పనికొస్తాయి.

కొలతలు అడిగేవాళ్ల కోసం నాది చెబుతాను. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 110 సెంటీమీటర్లు, వెడల్పు 25. అంటే 27 చదరపు డెసిమీటర్ల పైచిలుకు. బ్యాటరీతో కలిపి బరువు 950 గ్రాములు. చదరపు డెసిమీటరుకి 35 గ్రాములు పడుతుంది. కొనేటప్పుడు ఈ ఒక్క భాగహారం చెయ్యండి. 40 లోపు ఉంటే నెమ్మదిగా దిగుతుంది, ఆలోచించుకోవడానికి టైమిస్తుంది. 60, 70 వచ్చిందంటే కొత్తవాళ్లు దండం పెట్టి వదిలెయ్యాలి. మోటారు లాగుడు బరువులో ముప్పాతిక వంతు ఉంటే లూపు వస్తుంది, సమానంగా ఉంటే దర్జాగా వస్తుంది. దాన్ని కొలవడానికి నేను పక్కనున్న కిరాణా కొట్టు కాటా వాడతాను. తోక కాటా మీద ఆనించి, ముక్కు పైకి పెట్టి, పక్కకి ఒరగకుండా మాత్రం ఆసరా పట్టి మోటారు తిప్పితే ఎంత బరువు తగ్గిందో అదే లాగుడు. కొట్టాయన మొదటిసారి కంగారుపడి మిరపకాయల బస్తా వెనక దాక్కున్నాడు. ఇప్పుడు ఆయనే అంకెలు చదువుతాడు.

పాత యుద్ధ విమానాల నమూనాలు చూసి ముచ్చటపడకండి. వాటి రెక్కలు కొసల దగ్గర సన్నబడతాయి. వేగం తగ్గితే ముందు ఆ కొస ఆగిపోతుంది, చెప్పకుండా గిర్రున తిరిగి పడుతుంది. అదీ దించేటప్పుడు, నేలకి దగ్గరలో.

ఇక డబ్బు. మోటారు, దాని వేగం చూసే ఈఎస్‌సీ, పలకల్ని కదిపే తొమ్మిది గ్రాముల సర్వోలు నాలుగు, 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, రిసీవరుతో రిమోట్, అన్నీ కలిపి నాకు ఏడున్నర వేలైంది. ఇవి ఒక విమానంలోంచి ఇంకో విమానంలోకి మారుతూ ఉంటాయి. ఒళ్లు, రెక్క మాత్రమే పోయేవి, అవి మూడు వందలు దాటవు. పొద్దున్న పడితే సాయంత్రం వేడి జిగురు, వెదురు పుల్ల, టేపు పెట్టి అతికిస్తాను. మర్నాడు మళ్లీ ఎగురుతుంది. నా మొదటి అట్ట విమానం పద్నాలుగు సార్లు పడింది. ఆ పద్నాలుగింటిలోనే నాకు లూపు, రోలు (ముందుకు పోతూనే ఒళ్లు ఒక చుట్టు తిరగడం), స్టాల్ టర్న్ (నిట్టనిలువుగా లేచి, ఆగి, పక్కకి తిరిగి దిగడం), తలకిందుల నడక వచ్చాయి. బాల్సా విమానంతో అయితే పద్నాలుగు సార్లు పడటానికి నాకు ఇంకో జన్మ కావాలి. ఫెవిక్విక్ మాత్రం థర్మాకోల్ మీద వెయ్యకండి, కరిగి గుంట పడుతుంది. ఈ ఒక్క మాటకి కనీసం పది రెక్కలు బతుకుతాయి.

కొన్నాక, ఎగరేసే ముందు బరువు చూసుకోవాలి. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య రెండు వేళ్ల మీద ఎత్తితే విమానం తూచినట్టు నిలబడాలి. నాది ఏడు సెంటీమీటర్ల దగ్గర. కొత్తవాళ్లు కాస్త ముందుకే పెట్టుకోండి. రిమోట్‌లో డ్యూయల్ రేట్ అని, ఎక్స్‌పో అని రెండు ఉంటాయి. మొదటిది పలకలు ఎంత దూరం కదలాలో తగ్గిస్తుంది. రెండోది లివరు మధ్యలో ఉన్నంతసేపు చేతి వణుకు విమానానికి తెలియకుండా చేస్తుంది. మొదట్లో తక్కువ రేటు, ముప్పై శాతం ఎక్స్‌పో పెడతాను. టైలరు గారి అబ్బాయి రిమోట్‌లో రెండూ ముట్టుకోనే లేదు. పెట్టెలోంచి తీసినట్టే ఉంది.

పల్టీల్లో మొదట లూపు. నేలకి సమాంతరంగా వేగంతో వచ్చి మెల్లగా లాగితే సగం పని విమానమే చేస్తుంది. తర్వాత రోలు. ప్రమాదమంతా ఇక్కడే. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే సంచుల్లో చాలావాటికి కథ ఇదే. రోలులో సగం తిరిగేసరికి విమానం వెల్లకిలా ఉంటుంది. ముక్కు కొంచెం కిందికి వాలుతుంది. నేల దగ్గరవుతున్నట్టు కనబడుతుంది. మన చేతికి అప్పటిదాకా ఒకటే తెలుసు: కిందికి పోతుంటే లివరు వెనక్కి లాగు. వెల్లకిలా ఉన్న విమానంలో వెనక్కి లాగితే అది నేల వైపుకే వంగుతుంది. ఇంకా దగ్గరైందని ఇంకా గట్టిగా లాగుతాం. టైలరు గారి అబ్బాయి చేసింది అక్షరాలా ఇదే. వెల్లకిలా ఉన్నప్పుడు లివరు ముందుకు తోయాలి. ఇది బుర్రకి ఒక నిమిషంలో అర్థమవుతుంది, వేలికి అర్థం కావడానికి నెలలు పడుతుంది. అందుకే నా దగ్గర నియమం ఒకటుంది. రోలులో కంగారు పుడితే లాగొద్దు, తొయ్యొద్దు, తిప్పుతున్న వైపుకే తిప్పడం పూర్తి చెయ్యి. విమానం మళ్లీ మామూలుగా బోర్లా అయ్యాక అప్పుడు లాగు.

ఇంకోటి ఎత్తు. పల్టీ మొదలుపెట్టే ఎత్తు ఎంత అంటే, తప్పు చేసి, దాన్ని దిద్దబోయి మళ్లీ తప్పు చేసి, అప్పటికీ మిగలాలి. మా ఇసుక మేట గట్టున ఉన్న తాటిచెట్టుకి నాలుగంతలు. నేలకి దగ్గరగా చేస్తే చూసేవాళ్లు ఈలలు వేస్తారు. మీ ఫొటోలు కూడా అవే.

వేలికి నేర్పడానికి కంప్యూటర్ మీద సిమ్యులేటర్లు ఉన్నాయి. ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. రిమోట్‌ని కేబులుతో కలిపి రోజుకి అరగంట పడగొట్టుకోండి, పైసా ఖర్చు లేదు. ఫోన్ తెర మీద బొటనవేళ్లతో ఆడేది లెక్కలోకి రాదు. ఇసుక మేట మీద నేను రెండు రిమోట్లు తీగతో కలిపి ఉంచుతాను. ఒక మీట నొక్కినంతసేపు విమానం పిల్లాడి చేతిలో, వదిలితే నా చేతిలో. నాలుగు సెకన్ల విమానానికీ నాలుగేళ్ల విమానానికీ మధ్య ఉన్నది ఆ తీగే అంటాను నేను. మా ఆవిడ మాత్రం ఉన్నది నా ఖాళీ సమయం అంటుంది.

చోటు గురించి కూడా మీ వ్యాసంలో లేదు. మనది సముద్రం పక్క జిల్లా. పొద్దెక్కే కొద్దీ కళింగపట్నం వైపు నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది. కిలో బరువు లేని విమానానికి అది తుఫానే. ఆరు నుంచి ఎనిమిది లోపు ఎగరేసి ఇంటికి పోవాలి. కోతలయ్యాక చేలు మంచివే, రైతుని అడిగి దిగాలి, కరెంటు తీగలు చూసుకోవాలి. టెక్కలి వైపు తేలినీలాపురంలో చలికాలమంతా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టుకుని ఉంటాయి. ఆ చుట్టుపక్కల రిమోట్ తీయనే తీయకండి. గద్దలు మాత్రం మనం వద్దన్నా వస్తాయి. మా విమానం వెనకే పడతాయి. అవి మాకంటే బాగా రోలు కొడతాయి.

విజయనగరం జిల్లా కుర్రాళ్లకి ఒక మాట. భోగాపురంలో విమానాశ్రయం వచ్చాక ఇంతకుముందులా ఆ చుట్టుపక్కల ఇష్టం వచ్చినట్టు ఎగరేయకూడదు. 2021 డ్రోన్ నియమాలు ఈ విమానాలకీ వర్తిస్తాయి. రాకపోకలు సాగే విమానాశ్రయం సరిహద్దుకి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేనిదే ఎగరేయకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు దాటకూడదు. ఆ బయట ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగులు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాపులో మీ ఊరు ఏ రంగులో ఉందో చూసుకుని బయల్దేరండి. మన ఆట వల్ల ఎవరి విమానానికీ ఇబ్బంది రాకూడదు.

బ్యాటరీ గురించి ఒక్క ముక్క. ఇవి లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీలు. ఉబ్బితే పక్కన పెట్టెయ్యాలి. ఛార్జింగు పెట్టి నిద్రపోకూడదు, మంచం మీద, గ్యాస్ సిలిండర్ పక్కన పెట్టకూడదు. నేను మట్టి కుండలో ఇసుక పోసి అందులో పెట్టి ఛార్జి చేస్తాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి, ఒకసారి ఆ కుండే నా కొట్టుని కాపాడింది.

సంపాదకుల వారూ, మీరు ఆ వాక్యాన్ని సవరించి చిన్న ముక్క వేస్తే చాలు. ముందు ట్రైనర్ అని, తర్వాత అతుక్కునే స్టంట్ విమానం అని, వేలాడేది మూడో విమానం అని. సెలవులు ఇంకా అయిపోలేదు. ఈలోగా ఇంకెన్ని కుట్టుమిషన్ల కష్టం సంచుల్లోకి వస్తుందో.

టైలరు గారి అబ్బాయి విషయం చెప్పలేదు కదూ. ఆ సంచిలోంచి మోటారు, ఈఎస్‌సీ, మూడు సర్వోలు బాగానే బయటపడ్డాయి. నాలుగో సర్వోకి పళ్లు విరిగాయి, నా దగ్గర పాతది ఉంది. నెల రోజులుగా నా రిమోట్‌కి తీగ కలుపుకుని నా ట్రైనర్ ఎగరేస్తున్నాడు. మొన్న ఆదివారం మోటారు ఆపి నా చెప్పులకి ఆరడుగుల్లో దించాడు. రాత్రుళ్లు కొట్టు వెనక కూర్చుని అనాకారి కర్ర ఒకటి సొంతంగా చేస్తున్నాడు. రెక్క మీద టేపు చుట్టింది వాళ్ల నాన్న. గుడ్డ లాగి కుట్టే చెయ్యి కదా, నా రెక్క కంటే నున్నగా వచ్చింది, నాకు కొంచెం కుళ్లుగానే ఉంది.

వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి నాగావళి ఇసుక మేట మీద మొదటిసారి ఎగరేస్తున్నాం. మీ ఫొటోగ్రాఫర్‌ని పంపిస్తే సంతోషం. బండి గట్టు మీదే ఆపమనండి, కిందికి తెస్తే చక్రాలు ఇసుకలో దిగబడిపోతాయి.

ఇట్లు,
ఒక టీవీ మెకానిక్,
గుజరాతీపేట, శ్రీకాకుళం.